దసరా రాత్రి మాయాబజార్: పిల్లల్ని కూర్చోబెట్టాలా, వదిలెయ్యాలా?

ప్రశ్న: అక్కా, మా పుట్టిల్లు ప్రొద్దుటూరు. పెళ్లయినప్పటి నుంచి బెంగళూరులో ఉంటున్నా, దసరాకి మాత్రం అందరం అక్కడికే చేరతాం. అమ్మవారిశాలకి పోయి అలంకారం చూసుకొని వచ్చి, రాత్రి అన్నాలయ్యాక హాల్లో చాపలు పరుచుకొని, బొరుగులు ముందర పెట్టుకొని ‘మాయాబజార్’ చూడటం మా ఇంటి అలవాటు. మా చిన్నతనంలో నాయన టీవీ, డెక్కు అద్దెకి తెచ్చేవాడు. తర్వాత సీడీ వచ్చింది, ఇప్పుడు యూట్యూబ్. నాయన పోయి రెండేళ్లవుతోంది. పోయినేడు దసరాకి ఎవరికీ మనసు రాలేదు. ఈసారి అమ్మే ‘పెట్టండమ్మా’ అంది. పెట్టిన పది నిమిషాలకే నా కొడుకు ఫోన్ తీశాడు. వాడికి 14 ఏళ్లు. తమ్ముడి కూతురికి 9 ఏళ్లు. ‘ఇది కలర్‌లో రాదా అత్తా’ అని అడిగింది. మా మరదలేమో ‘మూడు గంటలు పిల్లలేం కూర్చుంటారు వదినా, ఏదన్నా కొత్తది పెడదాం’ అంది. తమ్ముడు ఒక్క మాటా మాట్లాడకుండా లేచి మిద్దె మీదికి పోయినాడు. నాకు కోపం ఆగలేదు. టీవీ ఆపేసి నాలుగు మాటలన్నాను. పండగ అట్లనే అయిపోయింది. ఆ సినిమా నిజంగానే అంత గొప్పదా, నాయనకి ఇష్టం కాబట్టి మాకు అట్లా అనిపిస్తుందా? పిల్లల్ని పట్టుబట్టి చూపించాలా, వదిలెయ్యాలా?
ఒక సోదరి, బెంగళూరు

జవాబు: చెల్లెమ్మా, ఆ సినిమా నిజంగానే గొప్పది. ఆ విషయంలో అనుమానం పెట్టుకోవద్దు. అంత మంచిది కాబట్టే మీ నాయన అద్దె డబ్బులు కట్టి మరీ ఇంటికి తెచ్చి మీకు చూపించాడు. పిల్లల్ని బలవంతాన కూర్చోబెట్టొద్దు, అట్లని వదిలెయ్యనూ వద్దు. ఎట్లా చూపించాలో చెబుతాను. అయితే ఆ రాత్రి మీ హాల్లో జరిగిన గొడవలో సినిమా వాటా తక్కువే అని నీ ఉత్తరం చదివితే నాకనిపించింది. ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

మొదట సినిమా. 1957 మార్చి 27న విడుదలైంది. తీసిన కె.వి.రెడ్డి పుట్టింది మా తాడిపత్రిలో. ఈ మాట చెప్పుకునే అవకాశం వస్తే మా ఊరివాళ్లం ఎవరం వదులుకోం. ఈ సినిమా నిర్మించిన విజయా సంస్థను చక్రపాణితో కలిసి నడిపిన బి.నాగిరెడ్డిది మీ కడప జిల్లానే. ఇక కథంటావా, ఇది వ్యాసభారతంలో లేదు. శశిరేఖా పరిణయం అని జనం నోళ్లలో, నాటకాల్లో పెరిగిన కథ. 1885లో మీ జిల్లా సురభి గ్రామంలో పుట్టిన నాటక సమాజాలవాళ్లు ఇదే మాయాబజార్‌ని తరాల తరబడి ఊరూరా ఆడారు. తీగెలు కట్టి మనుషుల్ని గాల్లో లేపడం, చూస్తుండగానే వస్తువుల్ని మాయం చెయ్యడం వాళ్ల విద్య. 1936లోనే ఈ కథ ఒకసారి టాకీగా కూడా వచ్చింది. అంటే 1957 నాటికి ఘటోత్కచుడు ఏం చెయ్యబోతున్నాడో తెలియకుండా థియేటర్‌కి పోయినవాడు అరుదు. కథ తెలిసినవాళ్లని మూడు గంటలు కూర్చోబెట్టి, తర్వాత మళ్లీ మళ్లీ రప్పించిన సినిమా ఇది. 2013లో భారతీయ సినిమాకి నూరేళ్లు నిండినప్పుడు ఒక జాతీయ వార్తా చానల్ పెట్టిన ఓటింగులో దేశంలోకెల్లా గొప్ప సినిమాగా నిలిచింది కూడా ఇదే.

ఇన్నేళ్లుగా ఇది పండగ పూట ఇళ్లలో ఎందుకు నిలిచిందో నా లెక్క నాకొకటి ఉంది. ఇన్నిసార్లు చూశావు కదా, ఈ సినిమాలో పాండవులు అయిదుగురిలో ఒక్కరూ కనబడరని ఎప్పుడన్నా గమనించావా? భారతం కథ తీస్తూ భీముణ్ణీ అర్జునుణ్ణీ తెర మీదికే రానివ్వకపోవడం మామూలు ధైర్యం కాదు. ధర్మరాజు జూదంలో ఓడిపోవడం ఎక్కడో జరుగుతుంది. ఆ ఓటమి ఇంటికొచ్చి ఆడవాళ్లకీ పిల్లలకీ ఏం చేసిందన్నదే ఇక్కడ కథ. యుద్ధం చేసేవాళ్లని బయట నిలబెట్టి, అత్త, వదిన, మేనకోడలు, మేనల్లుడు, పెళ్లివారు, పురోహితులతో సినిమా నడిపించాడు కె.వి.రెడ్డి.

అసలు గొడవేమిటి? మేనరికం మాట. చెల్లెలు సుభద్ర కొడుకు అభిమన్యుడికి కూతురు శశిరేఖనిస్తానని బలరాముడు పిల్లలు చిన్నగా ఉన్నప్పుడే మాటిచ్చాడు. ఇచ్చినప్పుడు చెల్లెలు రాజ్యమున్న ఇంటి కోడలు. రాజ్యం పోయింది. కొడుకును వెంటబెట్టుకొని పుట్టింటికొచ్చింది. అప్పటికి వదిన రేవతి మాట మారిపోయింది, చూపు మారిపోయింది. అంతలో దుర్యోధనుడి ఇంటినుంచి సంబంధం వచ్చింది. మాటిచ్చిన అన్న మెత్తబడ్డాడు. దీన్ని మన సీమలో ఎవరికి విడమరిచి చెప్పాలి? ఆస్తి తగ్గగానే ఖాయమనుకున్న సంబంధం జారిపోవడం, పుట్టింట్లో ఆడబిడ్డకి మర్యాద తగ్గడం ప్రతి ఊళ్లోనూ చూస్తూనే ఉన్నాం. రాక్షసులూ మాయలూ అంతా ఆ పైన వేసిన రంగు. ఆ అవమానం అంత నిజంగా తీశారు కాబట్టే, తర్వాత ఘటోత్కచుడు కౌరవుల పెళ్లివారిని అల్లాడిస్తుంటే అంత కడుపారా నవ్వుతాం. పగ తీర్చుకోవడమంటే ఈ సినిమాలో విడిదింట్లో పెళ్లివారిని ఆటపట్టించడమే. పరుపు విసిరికొట్టడం, కంబళి మనిషిని చుట్టెయ్యడం, వండిన వంటంతా ఒక్కడే తినెయ్యడం. చివరికి శకుని కూడా, ఎక్కినవాళ్ల చేత నిజం చెప్పించే సత్యపీఠం ఎక్కి మనసులో మాటంతా తానే కక్కేస్తాడు. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకొని చూసేటప్పుడు రిమోట్ అందుకోవాల్సిన సీను ఒక్కటీ లేదు. పెద్దవాళ్లకి బోరు కొట్టే సీనూ లేదు. ఈ రెండూ ఒకే సినిమాలో కుదరడం ఎంత కష్టమో ఈ దసరాకి కొత్త సినిమా ఏది పెట్టాలా అని వెతికిన వాళ్లకి తెలుస్తుంది.

ఒక్క సావిత్రి గురించి మాత్రం ఆగి చెప్పాలి. పెళ్లిపీటల మీదున్నది శశిరేఖ కాదు, శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడు. అంటే శశిరేఖగా వేసిన సావిత్రి, ఘటోత్కచుడిగా వేసిన ఎస్.వి.రంగారావులా నటించాలి, మళ్లీ ఆ రంగారావు ఆడపిల్లలా నటించాలని తంటాలు పడుతున్నట్టూ ఉండాలి. ఈసారి పెట్టినప్పుడు ముఖం వదిలేసి ఆమె భుజాలు చూడు. ఎవరూ చూడనప్పుడు ఛాతీ విరుచుకొని, చేతులు ఎడంగా పెట్టుకొని గదనెత్తే మనిషిలా నడుస్తుంది. ఎవరో వస్తున్నారనగానే ఒక్క క్షణంలో భుజాలు ముడుచుకుపోతాయి, తల వంగుతుంది, నడక సన్నబడుతుంది. పీటల మీద వరుడు చెయ్యి పట్టుకోబోతే కాలితో వాడి పాదం తొక్కి, ముఖంలో మాత్రం సిగ్గు ఒలకబోస్తుంది. వరుడిగా వేసిన రేలంగి బాధ చూసి పిల్లలు నవ్వుతారు. నీలాంటి దానికి ఆ సిగ్గు చూస్తే నవ్వొస్తుంది. అప్పటికామె వయసు పాతికలోపే. ఇప్పటి కంప్యూటర్లు ఘటోత్కచుణ్ణి ఇంకా పెద్దగా చెయ్యగలవేమో గానీ, ఆ భుజాలు ఆమె ఒక్కతే చెయ్యగలదు.

ఇక మీ పిల్లల సంగతి. మీరు చేసిన పొరపాటు ఒక్కటే, సినిమాని మొదటినుంచి పెట్టారు. మొదటి గంటలో మనుషుల పరిచయాలు, వరసలు, పాటలు. బలరాముడెవరో సుభద్రెవరో ముందే తెలిసినవాళ్లకి అది హాయి. బెంగళూరులో పెరిగిన 14 ఏళ్లవాడికి వరసలే అర్థం కావు, ఇంక హాయెక్కడ? కథ ముందుగా చెప్పు. భోజనాల దగ్గరే చెప్పు, చివరిదాకా చెప్పు. సస్పెన్స్ పోతుందని భయపడొద్దు. మన అవ్వలు చెప్పిన కథలన్నీ చివర ఏమవుతుందో తెలిసే కదా మళ్లీ చెప్పమని వెంటబడ్డాం. చెప్పాక, అడవిలో ఘటోత్కచుడు సుభద్ర రథాన్ని ఆపే చోటి నుంచి పెట్టు. ఎవరో అనుకొని తలపడి, ఆ వచ్చింది పినతల్లీ తమ్ముడూ అని తెలిసి అంతటి రాక్షసుడు కాళ్ల మీద పడిపోతాడు చూడు, అక్కడ పట్టుబడతారు పిల్లలు. వివాహ భోజనం పాట వచ్చేసరికి వాళ్లే దగ్గరికి జరుగుతారు. పెళ్లయ్యేదాకా చూపించి ఆపెయ్యి. మొదటి సగం వాళ్లే అడుగుతారు, మర్నాడు పెట్టు. దసరా సెలవులు ఒక్క రాత్రితో అయిపోవు కదా.

పెద్దవాడి చేతిలో ఫోన్ లాక్కోవద్దు. ఆ ఫోన్‌తోనే పని చెప్పు. కెమెరా పట్టిన మార్కస్ బార్ట్‌లే దగ్గర కంప్యూటర్ లేదు. లడ్డూలు లేచొచ్చి రంగారావు నోట్లో పడేటట్టు ఎట్లా తీశారో ఊహించి, వాడినే ఫోన్‌లో అట్లా తీసి చూపించమను. వీడియోని వెనక్కి తిప్పడం, మధ్యలో ఆపి వస్తువు జరిపి మళ్లీ తియ్యడం ఇప్పటి పిల్లలకి వెన్నతో పెట్టిన విద్య. మొదట్లో కనిపించే ద్వారక నగరం చిన్న చిన్న బొమ్మ ఇళ్లతో కట్టిన సెట్టని చెప్పు. నువ్వు చెప్పినంతసేపూ నమ్మడు, మళ్లీ వెనక్కి పెట్టి చూస్తాడు. మనకి కావాల్సింది అదే. నౌకావిహారం పాటలో వెన్నెల కూడా అట్లా చేతులతో చేసిందే. లైట్లతో అంత చల్లటి రాత్రిని పుట్టించాడు బార్ట్‌లే.

చిన్నదానికి కలర్ కావాలంటే ఇవ్వు. 2010 జనవరిలో రంగులు వేసి మళ్లీ విడుదల చేశారు, అది దొరుకుతుంది. నా మటుకు నాకు ఆ వెన్నెల నలుపు తెలుపుల్లోనే బాగుంటుంది. వెలుగూ నీడా కొలిచి తీసినదాని మీద రంగు పూస్తే ఆ పని కొంత కప్పబడిపోతుంది. కానీ 9 ఏళ్ల పాపతో ఆ వాదన ఎందుకు? ముందు సినిమా మీద ఇష్టం పుట్టనీ. ప్రియదర్శిని పెట్టె దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆపు. మూత తీస్తే ఎవరికేది ప్రియమో అది కనబడుతుంది. శశిరేఖకి అభిమన్యుడు, రేవతికి నగలు. నీకేం కనబడుతుందే అని పాపని అడుగు, అందరినీ వరసగా అడుగు. అరగంట సినిమా ఆగిపోయినా ఫరవాలేదు.

చూసేటప్పుడు మాట్లాడొద్దని, కదలొద్దని ఆంక్షలు పెట్టొద్దు. చాపల మీద పడుకొని, బొరుగులు తింటూ, రాబోయే మాట ముందే అనేస్తూ, ఎవరన్నా మంచి మాటంటే అందులోలాగే మెచ్చుకోలుగా వీరతాళ్లు వేయిస్తూ చూసే సినిమా ఇది. మీ నాయన నోరు మూసుకొని చూశాడని నేననుకోను. పిల్లల అల్లరితోనే అది మీ ఇంటి సినిమా అయింది. వాళ్ల అల్లరి ఇప్పుడు వేరే రకంగా ఉంటుంది, అంతే.

మీ మరదలు అన్నదాంట్లో తప్పు నాకు కనబడలేదు. పిల్లల తల్లిగా వాళ్ల నిద్ర, వాళ్ల ఓపిక చూసి అంది. ఆ పిల్ల మీ ఇంటికి కోడలిగా వచ్చింది గానీ, మీ చిన్నతనంలోకి రాలేదు కదా. ఆమె పుట్టింట్లోనూ పండగకి ఒక సినిమానో, ఒక పాటో, పేకాటో ఏదో ఉండే ఉంటుంది. ఎప్పుడన్నా అడిగావా? అడుగు. వచ్చే పండక్కి ఒక రాత్రి ఆమె ఇష్టం మీద వదిలెయ్యి, మనస్ఫూర్తిగా కూర్చొని చూడు. అన్న మాటలకి మాత్రం ఫోన్ చేసి ‘ఆ రోజు తొందరపడి అన్నాను, మనసులో పెట్టుకోవద్దు’ అని చెప్పెయ్యి. వదినవి, నువ్వే ముందు చెయ్యాలి.

తమ్ముడిది వేరే బాధ. మిద్దె మీదికి పోయింది విసుగుతో కాదు. నీకు ఆ సినిమా పెడితే నాయన దగ్గరికొచ్చినట్టుంది, వాడికి అదే పెడితే నాయన లేడని ఇంకోసారి తెలుస్తోంది. ఒకే తండ్రి పిల్లలకి ఇద్దరికీ దుఃఖం ఒకే తీరున ఉండాలని లేదు. ‘నాయన కోసమన్నా కూర్చోరా’ అనే మాట పొరపాటున కూడా అనొద్దు. అట్లా అంటే ఏటా చూసే సినిమా కాస్తా తద్దినమైపోతుంది, అప్పుడు పిల్లలు నిజంగానే పారిపోతారు. వాడు మిద్దె మీద ఉంటే ఉండనీ. పాటలు అక్కడికీ వినిపిస్తాయి. దిగాలనిపించిన ఏడాది దిగుతాడు.

ఇప్పుడు నీ సంగతి. కోపం తెచ్చుకోకపోతే ఒక మాటంటాను. ఇన్నేళ్లు చూసినా నీకు గుర్తుండిపోయింది ఘటోత్కచుడో శశిరేఖో అయ్యుండొచ్చు. ఈసారి నువ్వు సుభద్రవి. నాయన పోయాక మొదటిసారి పండగలా పండగ చేసుకోవడానికి పుట్టింటికి పోయినావు. ఆ ఇల్లు ఇంకా నీకు మునుపటి ఇల్లేనా అన్న భయం లోపలెక్కడో ఉంది. పిల్లవాడు ఫోన్ తీస్తే, మరదలు ఇంకోటి పెడదామంటే, తమ్ముడు లేచిపోతే ఆ భయానికి సాక్ష్యాలు దొరికినట్టనిపించింది. అందుకే మూడు గంటల సినిమా దగ్గర అంత కోపమొచ్చింది. ఆ భయం తప్పు కాదు, పెళ్లయిన ప్రతి ఆడపిల్లకీ తండ్రి పోయాక అది వస్తుంది. కానీ రేవతి అన్నట్టు నిన్నెవరూ ఏమీ అనలేదు. నీ ఉత్తరం మళ్లీ ఒకసారి నువ్వే చదువుకో. ఆ ఇంట్లో అందరూ నీతో ‘అత్తా’, ‘వదినా’ అని ప్రేమగానే మాట్లాడారు.

చదివితే ఇంకొకటి కూడా కనబడుతుంది. మీ అమ్మ ‘పెట్టండమ్మా’ అన్నదగ్గర ఉంది, ఆ తర్వాత ఉత్తరంలో ఆమె లేదు. టీవీ ఆపేశాక ఆమె ఏం చేసిందో, ఏమందో నువ్వు రాయలేదు. అడిగింది ఆమె. రెండేళ్ల తర్వాత నోరు తెరిచి అడిగింది. పిల్లలకి నచ్చిందా, తమ్ముడు కూర్చున్నాడా, నాయన అలవాటు నిలిచిందా అన్న లెక్కల్లో ఆ ముసలితల్లి అడిగినది ఎవరికీ గుర్తులేకుండా పోయింది.

నాకు ఇంకో అనుమానం కూడా ఉంది. ఇన్నేళ్ల దసరాల్లో ఆమె ఎప్పుడన్నా ఈ సినిమా మొదటినుంచి చివరిదాకా కూర్చొని చూసిందా? మా ఇళ్లలో అయితే హాల్లో సినిమా నడుస్తుంటే ఆడవాళ్లు వంటింట్లో అంట్లు సర్దుతూ, మర్నాటి ఓళిగలకి పప్పు చూసుకుంటూ, మాటలు విని సీను పోల్చుకునేవాళ్లు. మీ ఇంట్లోనూ అట్లనే జరిగి ఉంటే, మీ నాయన మీకందరికీ చూపించిన సినిమాని ఆమె చెవులతోనే చూసింది.

కాబట్టి వచ్చే దసరాదాకా ఆగొద్దు. దీపావళికో, కుదరకపోతే సంక్రాంతికో పోయినప్పుడు ఆమెకి ముందే చెప్పు. ఆ రాత్రి వంటిల్లు నువ్వు, తమ్ముడు చూసుకోండి. నీ కొడుక్కి కూడా అంట్ల పని చెప్పు, 14 ఏళ్లు నిండాయి కదా. ఆమెని టీవీకి ఎదురుగా కూర్చోబెట్టి, ఆమె కోసం మాత్రం మొదటినుంచే పెట్టు. మోకాళ్ల నొప్పులుంటే చాప వద్దు, కుర్చీ వెయ్యి. సౌండ్ కొంచెం పెంచు. పిల్లలు వచ్చి కూర్చుంటే కూర్చోనీ, పోతే పోనీ, ఆ ఒక్కరాత్రి వాళ్ల ఊసు పట్టించుకోకు. మధ్యలో ఆమెకి ఏ సీను ఇష్టమో అడుగు. నాయనకి ఇష్టమైనదేదో నీకు ఇప్పటికే తెలుసు, ఆమెది తెలియదనుకుంటా. తెలిశాక నాకు రాయి.